ఉరిమిన వేళ పని నిలుపవలెను

వేసవి చివర తెలుగునాట సాయంకాలములు ఒక్కొక్కప్పుడు భయంకరముగా మారును. మధ్యాహ్నము వరకు నిప్పులు చెరగిన ఎండ హఠాత్తుగా మందగించును. దిగంతమున నల్లని మేఘము కొండవలె పైకి లేచును. దుమ్ము రేపుచు ఈదురుగాలి వీచును. ఎండకు వేగిన ప్రాణికి ఆ గాలి హాయిగానే ఉండును. కాని ఆ హాయి వెనుకనే పిడుగు పొంచి ఉండును.

2018 ఏప్రిల్ 24వ తేదీన ఆంధ్రప్రదేశ్‌లో పదమూడు గంటల వ్యవధిలో 36,749 పిడుగులు నమోదైనవి. మన దేశములో ఏటా రెండు వేలమందికి పైగా పిడుగుపాటునకు బలియగుచున్నారు. వారిలో పెక్కుమంది పొలములలో పనిచేయు రైతులు, కూలీలు, పశువుల కాపరులు. మేడలో కూర్చున్నవానిని విడిచి, మడిలో వంగి నాటు వేయు కూలిమనిషినే పిడుగు ఏల పొట్టన పెట్టుకొనుచున్నది? అది తలవ్రాత యని కొందరందురు. అది తలవ్రాత కాదు. ఉరిమిన వేళ ఆ మనిషి ఉండరాని చోట ఉండుటయే దానికి కారణము.

మేఘములోని మంచుకణములు ఒకదానితో ఒకటి ఒరసికొనుటచే విద్యుత్తు పుట్టును. అది మేఘమునుండి నేలకు దూకుటయే పిడుగు. అది దూకిన దారిలోని గాలి రెప్పపాటులో సుమారు 30,000 డిగ్రీల సెంటీగ్రేడు వరకు వేడెక్కి, ఒక్కసారిగా వ్యాకోచించును. ఆ ధ్వనియే ఉరుము. మెరుపు విద్యుత్తే యని బెంజమిన్ ఫ్రాంక్లిన్ సూచించిన ప్రయోగములవలన 1752లోనే తేలినది. ఎత్తైన భవనములను కాపాడు లోహపు కడ్డీని లోకమునకు చూపినవాడును ఆయనయే.

పిడుగు సాధారణముగా చుట్టుప్రక్కల నున్నవానిలో ఎత్తైనదానిపై పడును. చదునైన పొలములో ఒంటరి తాటిచెట్టు ఎత్తైనది. చెట్టు లేనిచోట నిలుచున్న మనిషియే ఎత్తైనవాడు. చెట్టుపై పడిన విద్యుత్తు దాని మొదట నిలిచినవారిపైకి దూకగలదు. నేలలో వ్యాపించి, కొంత దూరములో ఉన్న పశువులను సైతము చంపగలదు. కనుక వానకు తడియకుండుటకై చెట్టు క్రిందికి పరుగెత్తుట ప్రాణముతో చెలగాటమే.

ఉరిమినప్పుడు అర్జునుని పది నామములు స్మరించుట పెద్దలనాటి అలవాటు. బెదరిన గుండెకు ఆ స్మరణ ధైర్యమిచ్చును; దానిని పరిహసింప పనిలేదు. అయితే నోట నామస్మరణ సాగుచుండగా కాళ్లు పక్కా ఇంటివైపు నడువవలెను. పాక పిడుగునుండి కాపాడలేదు. తలుపులు మూసిన కారు, బస్సు కాపాడగలవు. చెరువులో ఉన్నవారు వెంటనే గట్టెక్కవలెను. పార, గునపము వంటి ఇనుప పనిముట్లను విడువవలెను. గుంపుగా నిలువరాదు. ఏ ఆశ్రయమును దొరకనిచో, పల్లపు చోట పాదములు రెండును దగ్గరగా చేర్చి, తల వంచి గొంతుకు కూర్చుండవలెను, నేలపై పడుకొనరాదు. ఇంటిలో నున్నవారు కిటికీలకును, కుళాయిలకును, విద్యుత్ పరికరములకును దూరముగా ఉండవలెను.

ఈ జాగ్రత్తలు కఠినమైనవి కావు. హెచ్చరికలకును కొరత లేదు. రాష్ట్ర విపత్తుల నిర్వహణ సంస్థ ఫోనులకు సందేశములు పంపుచున్నది. పూణేలోని భారత ఉష్ణమండల వాతావరణ శాస్త్ర సంస్థవారి ‘దామిని’ యాప్ సమీపమున పడబోవు పిడుగులనుగూర్చి తెలుపుచున్నది. ఫోను లేనివారికి ఉరుమే హెచ్చరిక. ధ్వని ఒక కిలోమీటరు సాగుటకు సుమారు మూడు సెకనులు పట్టును. మెరుపు కనబడిన పిదప ముప్పది లెక్కించులోపల ఉరుము వినబడినచో, పిడుగు పది కిలోమీటర్ల లోపలనే ఉన్నదని తెలియవలెను.

మరి హెచ్చరిక విన్న కూలీ ఏల కదలడు? నడుమ పని విడిచినచో కూలి తెగునని అతని భయము. నాటు ఆగినచో అదను తప్పునని యజమాని ఆరాటము. ఈ రెంటి నడుమ ఉరుమును వినియు విననట్లు పని సాగుచుండును. ఉరుము ఉరిమి మంగలము మీద పడినట్లు, యజమాని ఆరాటమునకు కూలీ ప్రాణము బలియగును. అదను విలువైనదే, కాని ఉరుముల వాన సాధారణముగా గంటకు మించి ఒకచోట నిలువదు. ఆ గంట కూలి కోయక, ‘ఇంటికి పదండి’ యని ముందుగా పలుకుట యజమాని ధర్మము. ఉరిమిన వేళ పని నిలుపుట పిరికితనము కాదు. నిలుపనీయకుండుటయే తప్పు.

వాన వెలిసినంతనే ప్రమాదము తొలగిపోదు. చివరి ఉరుము వినబడిన పిదప ముప్పది నిమిషములు ఆగవలెను. తెగిపడిన కరెంటు తీగలను తాకక, విద్యుత్ సిబ్బందికి తెలుపవలెను. పిడుగు తగిలినవానిని ముట్టుకొన్న షాకు కొట్టునని జడియుట కేవలము అపోహ; అతని దేహములో విద్యుత్తు నిలువ ఉండదు. దేశములో కొన్ని ప్రాంతములందు అట్టివానిని పేడలో కప్పు మూఢాచారము కలదు. ఆ ఆలస్యమే ప్రాణము తీయును. శ్వాసయు, గుండెయు ఆగినచో వెంటనే ఛాతీ నడుమ బలముగా, వేగముగా నొక్కుచు, 108 వాహనమును పిలిపింపవలెను. అట్లు తిరిగి బ్రతికినవారు కలరు.

చదువుకొన్న బాలబాలికలకు ఇందు చేయదగిన పని యున్నది. ఫోనునకు వచ్చిన హెచ్చరికను చదువలేని అవ్వకు, పొలమునకు బయలుదేరు తండ్రికి, ఇరుగుపొరుగు కూలీలకు వారు చదివి వినిపింపవచ్చును. ఇంటివారి పొలములో కూలీలు ఉన్నచో, వారిని పంపివేయుమని పెద్దలను అడుగవచ్చును. ఆగిన నాటు మరునాడు వేయవచ్చును. పోయిన ప్రాణము మరలి రాదు.