రంగు ఒక్కటే చాలదు

హైదరాబాద్ ఎంజీబీఎస్ స్టేషన్‌లో కలిసే రెండు మెట్రో లైన్లలో ఒకటి రెడ్, ఇంకొకటి గ్రీన్. వర్ణాంధత్వం ఉన్నవాళ్లలో ఎక్కువమంది తడబడేది సరిగ్గా ఈ రెండు రంగుల దగ్గరే. ఐరోపా సంతతి మగవాళ్లలో నూటికి ఎనిమిది మందికి ఈ లోపం ఉంటుందని అంచనా. మన దగ్గర కాస్త తక్కువనుకున్నా, ఒక్క ఉదయం రాయదుర్గం వైపు వెళ్లే రైళ్లలోనే అలాంటివాళ్లు బోలెడుమంది. విడ్డూరమేమిటంటే, ప్రాజెక్టు పత్రాల్లో ఈ లైన్లు కారిడార్ 1, 2, 3. చక్కని అంకెలు. జనం నోటికి వచ్చేసరికి మిగిలింది రంగులే.

ఈ రంగుల అలవాటుకు హైటెక్ సిటీని కూడా తప్పుపట్టక తప్పదు. అప్పటి ప్రధాని వాజపేయి అక్కడి సైబర్ టవర్స్‌ను ప్రారంభించింది 1998 నవంబరులో. ఆ మరుసటి మే నెలలోనే వరల్డ్ వైడ్ వెబ్ కన్సార్షియం తన తొలి యాక్సెసిబిలిటీ మార్గదర్శకాల్లో, సమాచారాన్ని కేవలం రంగుతో చెప్పొద్దంది. మాదాపూర్, గచ్చిబౌలి టెస్టింగ్ టీములకు ఇది కొట్టిన పిండి. తప్పు నింపిన గడి చుట్టూ ఎర్రగీత ఒక్కటే ఉంటే విదేశీ క్లయింటు కోసం బగ్ రాసేది వీళ్లే. వారాంతంలో మేనేజరుకు వెళ్లే స్టేటస్ రిపోర్టులో మాత్రం ఎరుపు, పసుపు, పచ్చ చుక్కలు పెట్టి ఊరుకుంటారు! దాన్ని నలుపు తెలుపులో ప్రింటు తీస్తే, మునిగిన ప్రాజెక్టూ తేలిన ప్రాజెక్టూ ఒకటే.

మెట్రోలో స్టేషన్ పేర్లు రాసే ఉన్నాయిగా, కొద్దిమంది కోసం ఇంత గోల ఎందుకని అడగొచ్చు. పేరు ఎక్కడికో చెబుతుంది, ఏ లైనో చెప్పదు. కొద్దిమంది అన్న వాదనకు ఆహార భద్రతా ప్రమాణాల సంస్థ ఎప్పుడో జవాబిచ్చింది. మాంసాహార ప్యాకెట్ల మీది గోధుమరంగు చుక్క, శాకాహారపు ఆకుపచ్చ చుక్క కొందరికి ఒకేలా కనిపిస్తున్నాయని 2020 నిబంధనల్లో మాంసాహార గుర్తును త్రిభుజం చేసింది. ఔటర్ రింగు రోడ్డు ఎగ్జిట్లకు నంబర్లున్నాయి. అక్కడ ఏ రంగూ గుర్తుపెట్టుకోనక్కర్లేదు.

రంగు పొరపాటు లేకుండా పనిచేసే చోటు ఒకటుంది: మెడలో ఐడీ కార్డు పట్టీ. చాలా క్యాంపస్‌లలో పర్మినెంటు ఉద్యోగికి ఒక రంగు, కాంట్రాక్టు మనిషికి ఇంకో రంగు. ఒకే బల్ల మీద ఒకే కోడ్ రాసినా, ఎవరు ఏ మెట్టు మీద ఉన్నారో లిఫ్టులోనే తెలిసిపోతుంది. భద్రత కోసమంటారు. తలుపు తెరవాలో వద్దో తేల్చేది కార్డులోని చిప్ కదా, పట్టీ రంగుతో పనేమిటి? మనుషుల మీద ఇంత శ్రద్ధగా వేసే గుర్తులు దారి చూపడానికి వేస్తే బాగుండేది.

రాయదుర్గం నుంచి కోకాపేట నియోపొలిస్ దాకా 11.6 కిలోమీటర్ల కొత్త లైను మెట్రో రెండో దశ ప్రతిపాదనల్లో ఉంది. ఎంపిక చేయడానికి ఇంకా ఎన్నో రంగులు దొరుకుతాయి. మెట్రో అధికారులు వాటి జోలికి పోకుండా, ముందు ఉన్న మూడు లైన్ల బోర్డుల మీద రంగు పక్కనే 1, 2, 3 అని పెద్ద అంకెలు వేయించాలి.