అడగాల్సిన కమిటీ అడగకపోతే..? చేతులెత్తేసిన ఇంగ్లండ్ కౌంటీ.. మన జెడ్పీలకూ ఓ పాఠం!

రోడ్డు మీద గుంతలు పడ్డాయి. ఊళ్లో లైబ్రరీకి తాళం పడింది. ఇంట్లో మంచాన పడ్డ పెద్దావిడకు సాయానికి రావాల్సిన మనిషి రావడం మానేసింది. ఎవర్ని అడగాలి? మన దగ్గరైతే సర్పంచ్, ఎమ్మెల్యే, లేదంటే సోమవారం కలెక్టరేట్‌లో అర్జీ. ఇంగ్లండ్‌లో జనం తరఫున అడగడానికి చట్టమే ఒక కమిటీ పెట్టింది. దాని పేరు స్క్రూటినీ కమిటీ. మన మాటల్లో చెప్పాలంటే పరిశీలన సంఘం.

కమిటీ ఉంది, చట్టం ఉంది, మీటింగులూ జరిగాయి. అయినా 2018లో నార్తాంప్టన్‌షైర్ అనే కౌంటీ ఖజానా ఖాళీ అయింది. ఏడు లక్షల మందికి పైగా జనం ఉన్న కౌంటీ అది. మూడేళ్లు తిరిగేసరికి ఆ కౌన్సిలే లేకుండా పోయింది. 1889లో మొదలైన సంస్థ 2021లో రద్దయింది.

మరి ఆ కమిటీ ఏం చేస్తున్నట్టు? అసలు ప్రశ్న అదే. ఇంగ్లండ్‌లో కౌంటీ కౌన్సిళ్ల రూపురేఖలే మారిపోబోతున్న ఈ టైమ్‌లో ఆ ప్రశ్న మళ్లీ అడగాల్సిందే.

కౌంటీ కౌన్సిల్ అంటే ఏంటి?

సింపుల్‌గా చెప్పాలంటే మన జిల్లా పరిషత్ లాంటిది. కాకపోతే చేతిలో డబ్బు, బాధ్యత చాలా ఎక్కువ. ఇంగ్లండ్‌లో చాలా చోట్ల రెండంచెల పాలన ఉంది. పైన కౌంటీ కౌన్సిల్, కింద డిస్ట్రిక్ట్ కౌన్సిల్. 2023 నాటి మార్పుల తర్వాత 21 కౌంటీ కౌన్సిళ్లు మిగిలాయి.

చెత్త తీసుకెళ్లడం, ఇళ్ల ప్లాన్లకు పర్మిషన్లు ఇవ్వడం డిస్ట్రిక్ట్ పని. స్కూళ్లు, రోడ్లు, లైబ్రరీలు, ప్రజారోగ్యం, వృద్ధులు, వికలాంగుల సంరక్షణ, తల్లిదండ్రుల అండ లేని పిల్లల బాధ్యత.. ఇవన్నీ కౌంటీ చూసుకుంటుంది. ఖర్చులో పెద్ద వాటా ఈ సంరక్షణ సేవలకే పోతుంది. ఇంటింటి నుంచి వసూలు చేసే కౌన్సిల్ ట్యాక్స్‌లో కూడా పెద్ద భాగం కౌంటీకే వెళ్తుంది.

కమిటీ చేతిలో ఏముంది?

ఒకప్పుడు అక్కడ కౌన్సిళ్లన్నీ కమిటీల మీదే నడిచేవి. ఎడ్యుకేషన్ కమిటీ, రోడ్ల కమిటీ.. నిర్ణయం తీసుకునేది కూడా కమిటీలే. 2000లో వచ్చిన లోకల్ గవర్నమెంట్ చట్టం ఈ పద్ధతి మార్చింది. ఒక లీడర్, ఆయనతో కలిపి గరిష్ఠంగా పది మంది కేబినెట్. నిర్ణయాలు వీళ్లవి. మిగతా కౌన్సిలర్లతో స్క్రూటినీ కమిటీలు. వీళ్ల పని ప్రశ్నించడం. 2011 చట్టం తర్వాత కేంబ్రిడ్జ్‌షైర్ లాంటి కొన్ని కౌన్సిళ్లు పాత కమిటీ పద్ధతికి వెళ్లినా, ఎక్కువ చోట్ల నడుస్తున్నది కేబినెట్ పద్ధతే.

స్క్రూటినీ కమిటీకి చట్టం ఇచ్చిన అధికారాలు ఇవీ:

• కేబినెట్ సభ్యులు ఈ కమిటీలో కూర్చోవడానికి వీల్లేదు. తప్పు చేసినవాళ్లే తీర్పు చెప్పకూడదన్నది లెక్క.
• కేబినెట్ సభ్యుల్ని, అధికారుల్ని పిలిచి ప్రశ్నించొచ్చు. పిలిస్తే రావాల్సిందే.
• కమిటీ పనికి అవసరమైన కాగితాలు అడిగితే, ఆఫీసు పని దినాల లెక్కన పది రోజుల్లోపు ఇవ్వాలి.
• కేబినెట్ తీసుకున్న నిర్ణయం ఇంకా అమలు కాకముందే ఆపి, మళ్లీ ఆలోచించమని వెనక్కి పంపొచ్చు. దీన్నే కాల్ ఇన్ అంటారు.
• కమిటీ రిపోర్ట్ ఇచ్చి సమాధానం అడిగితే, కేబినెట్ రెండు నెలల్లో జవాబు చెప్పాలి.
• స్కూళ్ల విషయం వస్తే, కమిటీలో పేరెంట్స్ తరఫు ప్రతినిధులకూ ఓటు ఉంటుంది.

చూడ్డానికి గట్టిగానే ఉంది కదా? కానీ ఇందులో లేనిది ఒకటుంది. నిర్ణయాన్ని రద్దు చేసే అధికారం. వెనక్కి పంపిన నిర్ణయాన్ని కేబినెట్ మళ్లీ చూసి, ‘మాకు ఇదే కరెక్ట్’ అనుకుంటే, అదే అమలవుతుంది. అంటే ఈ కమిటీ బలమంతా రెండే రెండింటి మీద నిలబడి ఉంది: కాగితాలు చేతికి రావడం, వాటిని చూసి సూటిగా అడగడం. ఈ రెండూ పోతే మిగిలేది మీటింగ్, టీ, బిస్కెట్.

నార్తాంప్టన్‌షైర్‌లో ఏం జరిగింది?

2018 ఫిబ్రవరి 2. కౌంటీ ఫైనాన్స్ అధికారి సెక్షన్ 114 నోటీసు ఇచ్చారు. ఇంగ్లండ్‌లో కౌన్సిల్ చట్టప్రకారం దివాలా తీయడం ఉండదు. కానీ ఈ నోటీసు పడిందంటే అర్థం ఒక్కటే: ఖర్చుకు తగ్గ డబ్బు లేదు, చట్టం తప్పనిసరి చేసిన సేవలు తప్ప కొత్త ఖర్చు పెట్టొద్దు. దాదాపు ఇరవై ఏళ్లలో ఇలాంటి నోటీసు అదే మొదటిది. అదే ఏడాది జులైలో రెండోసారి కూడా ఇచ్చారు.

అంతకు కొన్ని నెలల ముందే, 2017లో, కౌన్సిల్ కొత్త హెడ్ ఆఫీసులోకి మారింది. పేరు వన్ ఏంజెల్ స్క్వేర్. ఖర్చు 5.3 కోట్ల పౌండ్లు. మన లెక్కలో 450 కోట్ల రూపాయల పైమాటే. డబ్బు కటకట వచ్చాక ఆ బిల్డింగ్‌నే అమ్మి, మళ్లీ అందులోనే అద్దెకు ఉన్నారు.

ప్రభుత్వం మ్యాక్స్ కాలర్ అనే అధికారిని తనిఖీకి పంపింది. 2018 మార్చిలో రిపోర్ట్ వచ్చింది. ‘కేంద్రం నిధులు తగ్గించింది, మేమేం చేస్తాం’ అన్నది కౌన్సిల్ వాదన. నిధుల కోత నిజమే. కానీ అదే కోత పడ్డ మిగతా కౌంటీలు ఈ స్థితికి రాలేదు కదా అన్నది రిపోర్ట్ తేల్చిన విషయం. సేవలన్నీ వేరే సంస్థలకు అప్పగిస్తామంటూ ‘నెక్స్ట్ జనరేషన్’ పేరుతో పెద్ద ప్లాన్ వేశారు. దాని వెనక గట్టి లెక్క లేదు. ఆస్తులు అమ్మగా వచ్చిన డబ్బుతో రోజువారీ ఖర్చుల లోటు పూడ్చారు. ఇల్లు అమ్మి కిరాణా బిల్లు కట్టినట్టు.

ఇక కమిటీల సంగతి. లెక్కల గురించి అడిగితే సమాచారం ఇవ్వలేదని చాలా మంది కౌన్సిలర్లు తనిఖీ బృందానికి చెప్పారు. చట్టం ఇచ్చిన హక్కు కాగితం మీద ఉంది, కాగితాలు మాత్రం చేతికి రాలేదు. రిపోర్ట్ బయటికొచ్చిన రోజే కౌన్సిల్ లీడర్ రాజీనామా చేశారు. ఈ కౌన్సిల్‌ను బాగు చేయడం కుదరదు, రద్దు చేసి రెండు కొత్త కౌన్సిళ్లు పెట్టండి అని కాలర్ సిఫార్సు చేశారు. 2021 ఏప్రిల్ 1న అదే జరిగింది.

జనానికి ఏమైంది? డబ్బు మిగుల్చుకోడానికి 36 లైబ్రరీల్లో 21 మూసేద్దామని కౌన్సిల్ ప్లాన్ వేసింది. పిల్లల తల్లిదండ్రులు హైకోర్టుకెళ్లారు. ఆ నిర్ణయం తీసుకున్న తీరు చట్టవిరుద్ధమని 2018 ఆగస్టులో కోర్టు చెప్పింది. కౌన్సిల్ గదిలో తేలాల్సిన విషయం కోర్టు మెట్లెక్కింది.

స్టాఫర్డ్: ఇక్కడ పోయింది డబ్బు కాదు

ఇంకో ఉదాహరణ చూస్తే విషయం ఎంత సీరియస్సో అర్థమవుతుంది. 2003 నుంచి కౌంటీ కమిటీలకు ప్రభుత్వ ఆస్పత్రుల పనితీరును పరిశీలించే బాధ్యత కూడా ఉంది. స్టాఫర్డ్‌షైర్ కౌంటీలోని స్టాఫర్డ్ ఆస్పత్రిలో 2005 నుంచి 2009 దాకా రోగుల పరిస్థితి దారుణంగా ఉండేది. తాగడానికి నీళ్లిచ్చే దిక్కు లేదు. మలమూత్రాలతో తడిసిన పక్కల మీదే గంటల తరబడి పడి ఉన్నవాళ్లున్నారు. ఈ విషయం ముందు బయటపెట్టింది కమిటీ కాదు. తమవాళ్లను పోగొట్టుకున్న కుటుంబాలు రోడ్డెక్కి గొడవ చేస్తేనే దేశం తిరిగి చూసింది.

రాబర్ట్ ఫ్రాన్సిస్ నేతృత్వంలో జరిగిన పబ్లిక్ ఎంక్వైరీ 2013 ఫిబ్రవరిలో 290 సిఫార్సులతో రిపోర్ట్ ఇచ్చింది. స్థానిక స్క్రూటినీ కమిటీలనూ వదల్లేదు. ఆస్పత్రి యాజమాన్యం వచ్చి చెప్పింది విన్నారు తప్ప గుచ్చి గుచ్చి అడగలేదని తప్పుబట్టింది. దగ్గరుండి చూసే పని కౌంటీ కమిటీ కింది స్థాయి కమిటీకి వదిలేసింది. ఇద్దరి మధ్యా ఎవరూ గట్టిగా పట్టించుకోలేదు.

కమిటీలు ఎందుకు ఫెయిలవుతాయి?

ఈ రెండు కథల్లో కామన్ పాయింట్లు మూడు.

ఒకటి, సమాచారం. అధికారి చూపించిన స్లైడ్లు చూసి తలూపితే అది పరిశీలన కాదు. ఫిర్యాదులెన్ని, పోయినేడాదితో పోలిస్తే ఎలా ఉంది, పక్క కౌంటీలో ఎంత అనే లెక్క కమిటీ అడిగి తెప్పించుకోవాలి.

రెండు, పార్టీ. ఒకే పార్టీకి భారీ మెజారిటీ ఉన్నచోట కేబినెట్‌లోనూ వాళ్లే, కమిటీలోనూ ఎక్కువమంది వాళ్లే. సొంత లీడర్‌ను పబ్లిక్‌గా నిలదీసేవాళ్లు ఎంతమంది ఉంటారు? బ్రిటన్ పార్లమెంట్ కమిటీ ఒకటి 2017 డిసెంబర్‌లో ఇదే ఆందోళన బయటపెట్టింది. ఆ తర్వాత 2019లో ప్రభుత్వం కొత్త మార్గదర్శకాలు ఇచ్చింది. కానీ కమిటీ ఛైర్మన్ ప్రతిపక్షం నుంచే ఉండాలన్న రూల్ మాత్రం పెట్టలేదు.

మూడు, సిబ్బంది. కౌన్సిలర్లలో చాలామంది వేరే ఉద్యోగాలు చేసుకుంటూ ఈ పని చేసేవాళ్లే. వందల పేజీల బడ్జెట్ చదివి, ఎక్కడ తేడా ఉందో చెప్పే స్టాఫ్ లేకపోతే, మంచి మనసున్న కౌన్సిలర్ కూడా ఏం చేయలేరు. నిధుల కోత వచ్చినప్పుడు ముందు తగ్గేది కూడా ఇలాంటి సిబ్బందే.

ఇప్పుడెందుకు ఈ చర్చ?

ఎందుకంటే రెండంచెల పద్ధతినే తీసేస్తామని బ్రిటన్ ప్రభుత్వం 2024 డిసెంబర్‌లో ప్రకటించింది. కౌంటీ, డిస్ట్రిక్ట్ రెండూ పోయి ఒకే పెద్ద కౌన్సిల్ వస్తుంది. సర్రేలో 2027 ఏప్రిల్, మిగతా చాలా చోట్ల 2028 ఏప్రిల్ లక్ష్యం. ఎవర్ని అడగాలో జనానికి క్లారిటీ వస్తుందన్నది ప్రభుత్వం వాదన. నిజమే కావొచ్చు. కానీ కౌన్సిల్ పెద్దదయ్యే కొద్దీ కౌన్సిలర్ల సంఖ్య తగ్గుతుంది, ఒక్కొక్కరు చూడాల్సిన సేవలు పెరుగుతాయి. బోర్డు మారినంత మాత్రాన ప్రశ్న అడిగే అలవాటు రాదు.

అక్కడున్న తెలుగువాళ్లు గమనించాల్సింది ఒకటుంది. భారత పౌరులు కామన్వెల్త్ పౌరుల కిందికి వస్తారు. చెల్లుబాటయ్యే వీసాతో ఇంగ్లండ్‌లో ఉంటూ ఓటరుగా నమోదు చేసుకుంటే స్థానిక ఎన్నికల్లో ఓటు వేయొచ్చు. కమిటీ మీటింగ్ అజెండా సాధారణంగా ఐదు పని రోజుల ముందే పబ్లిక్‌లో పెడతారు. మీటింగ్‌కి వెళ్లి కూర్చోవచ్చు కూడా. కౌన్సిల్ ట్యాక్స్ కట్టేవాళ్లకు ఇది తెలిసి ఉండటం మంచిది.

మరి మన జెడ్పీల సంగతేంటి?

మన దగ్గర కూడా కమిటీలున్నాయి. 1994 పంచాయతీరాజ్ చట్టం ప్రకారం ప్రతి జిల్లా పరిషత్‌లో ఏడు స్థాయీ సంఘాలు ఉండాలి. ప్రణాళిక-ఆర్థికం, గ్రామీణాభివృద్ధి, వ్యవసాయం, విద్య-వైద్యం, మహిళా సంక్షేమం, సాంఘిక సంక్షేమం, పనులు. తెలంగాణ 2018లో సొంత చట్టం చేసుకున్నాక కూడా ఈ ఏడు సంఘాల పద్ధతి కొనసాగింది.

తేడా ఎక్కడంటే, అక్కడ కేబినెట్‌లో ఉన్నవాళ్లు పరిశీలన కమిటీలో ఉండకూడదు. ఇక్కడ కీలకమైన 1, 2, 4, 7 సంఘాలకు అధ్యక్షత వహించేది జెడ్పీ చైర్‌పర్సనే. మన స్థాయీ సంఘాలు పని చేయించేవీ, పని గురించి అడిగేవీ రెండూ. ఆ రెండు టోపీలు ఒకే తల మీద ఉంటే, రెండోది జారిపోవడం సహజం. మీటింగ్‌కి అధికారులు రాలేదని సభ్యులు అలగడం, కోరం లేక వాయిదా పడటం.. లోకల్ పేపర్లు చూసేవాళ్లకు ఈ వార్తలు కొత్త కాదు.

ఏపీలో 2022లో జిల్లాలు 13 నుంచి 26 అయినా, జెడ్పీలు మాత్రం పాత 13 గానే కొనసాగాయి. అంటే కలెక్టర్ ఒక జిల్లాకు, జెడ్పీ ఇంకో మ్యాప్‌కు. తెలంగాణలో 2024 జులైలో జెడ్పీ పాలకవర్గాల గడువు ముగిసి ప్రత్యేకాధికారుల పాలన వచ్చింది. ఎన్నికైన సభ్యులే లేనప్పుడు స్థాయీ సంఘం ఎక్కడిది? హాస్టల్లో అన్నం బాలేదని, పీహెచ్‌సీలో డాక్టర్ లేడని జిల్లా స్థాయిలో రికార్డు మీద అడిగే గొంతు అన్నాళ్లూ ఉండదు.

చివరిగా ఒక్క మాట

నార్తాంప్టన్‌షైర్‌లో కమిటీ లేక కౌన్సిల్ కూలిపోలేదు. కమిటీ ఉండగానే కూలిపోయింది. స్టాఫర్డ్‌లో మీటింగ్ జరగక రోగులు నరకం చూడలేదు. మీటింగులు జరుగుతుండగానే చూశారు.

అందుకే మీ జెడ్పీటీసీ ఈసారి ఓటు అడగడానికి ఇంటికొస్తే రోడ్డు, డ్రైనేజీతో పాటు ఇంకో రెండు ప్రశ్నలు కూడా వేయండి. మీరు ఏ స్థాయీ సంఘంలో ఉన్నారు? ఆఖరి మీటింగ్‌లో ఏం అడిగారు? సమాధానం రాకపోతే, మీ ఊరి స్కూలు గురించి, ఆస్పత్రి గురించి జిల్లాలో ఎవరూ అడగడం లేదని అర్థం.