కీమోకు ముందు మందుల సంచి విప్పండి

డెబ్బై దాటిన మనిషి క్యాన్సర్ వైద్యానికి వచ్చేటప్పుడు రిపోర్టుల ఫైలుతో పాటు ఒక మందుల సంచీ వెంట ఉంటుంది. బీపీకి ఒకటి, షుగరుకు రెండు, గుండె డాక్టరు రాసినవి, మోకాళ్ల నొప్పికి మెడికల్ షాపులో అడిగి తెచ్చుకున్నది, ఎప్పుడో మొదలుపెట్టి ఆపని నిద్రమాత్ర. ఫైలును ప్రతి డాక్టరూ తిరగేస్తారు. సంచి విప్పించి చూసేవారు అరుదు. ఈ ఏమరుపాటు ప్రాణాల మీదికి తెస్తోంది.

క్యాన్సర్‌కు కెపాసిటబిన్ మాత్రలు వాడేవారు రక్తాన్ని పలచబరిచే వార్ఫరిన్ కూడా వేసుకుంటుంటే రక్తం ప్రమాదకరంగా పలచబడుతుంది. కీమో మందు సిస్‌ప్లాటిన్ అసలే కిడ్నీలకు గండం. నొప్పి మాత్ర డైక్లోఫెనాక్ తోడైతే ఆ గండం మరింత పెరుగుతుంది. అందరూ తేలిగ్గా తీసుకునే గ్యాస్ మాత్ర ఒమెప్రజోల్ సైతం క్యాన్సర్ మాత్ర ఎర్లోటినిబ్‌ను ఒంటికి సరిగా పట్టనివ్వదు. వేలు పోసి కొన్న మందు అలా వృథా అవుతుంది.

షుగరు సంగతి మరీ కీలకం. కీమోతో పాటు ఇచ్చే స్టెరాయిడ్ డెక్సామెథసోన్ షుగరును పెంచుతుంది. ఆ ప్రభావం తగ్గాక వాంతులతో ముద్ద దిగదు. అలవాటు కొద్దీ షుగరు మాత్ర గ్లిమెపిరైడ్ మాత్రం వేసుకుంటారు. షుగరు పడిపోయి పెద్దాయన కుప్పకూలితే, ‘ఈ వయసులో కీమో తట్టుకోలేకపోయాడు’ అని ఇంటిల్లిపాదీ నిర్ణయానికొచ్చేస్తారు. కొన్నిసార్లు వైద్యమే మానేస్తారు. తప్పు కీమోది కాదు, మాత్రల లెక్క చూడనివారిది.

కిక్కిరిసిన ఓపీలో క్యాన్సర్ డాక్టరుకు ఇంత తీరిక లేదన్నది నిజమే. అందుకు తగిన మనుషులు మాత్రం మన దగ్గరే ఉన్నారు. దేశంలో 2008లో మొదలైన ఆరేళ్ల ఫార్మ్‌డీ (డాక్టర్ ఆఫ్ ఫార్మసీ) కోర్సు నేర్పేదే ఈ పని. ప్రతి క్యాన్సర్ ఆసుపత్రిలో ఆ కోర్సు చదివిన క్లినికల్ ఫార్మసిస్టును నియమించాలి. అరవై ఐదు దాటిన ప్రతి రోగికీ తొలి కీమోకు ముందే మందుల సమీక్ష తప్పనిసరి చేయాలి. రెండు తెలుగు రాష్ట్రాల ప్రభుత్వాలు ఉచిత వైద్య పథకాల క్యాన్సర్ ప్యాకేజీల్లో దీన్ని చేర్చాలి. రక్తపరీక్ష లేకుండా కీమో ఎక్కించరు. మందుల సమీక్షకూ అదే నియమం ఉండాలి.

కుటుంబాలకు ఒక మనవి. ఏ మాత్రనూ సొంతంగా ఆపకండి. కొన్ని బీపీ, గుండె మందులు హఠాత్తుగా మానితే ప్రమాదం. కాళ్లనొప్పుల చూర్ణం, బలానికి తినే లేహ్యంతో సహా ఇంట్లో వాడేవన్నీ తీసుకెళ్లి డాక్టరు బల్ల మీద పెట్టండి. ఏవి ఉంచాలో, ఏవి తీసేయాలో కాగితం మీద రాయించుకున్నాకే కీమోకు ఒప్పుకోండి.