రెండు రోజులు పొలం వదిలితే పోయేదేంటి?

ఈసారి పోస్టు పంట గురించి కాదు, పంట పండించే మనిషి గురించి. కొంచెం పెద్దదే, ఓపిగ్గా చదవండి. చర్చికి పోయే వాళ్ల కోసం రాస్తున్నా, కానీ పోని వాళ్లు చదివినా నష్టం లేదు.

మా సంఘంలో ధ్యాన కూటం పెడదామనే మాట వచ్చింది. ఇప్పుడందరూ రిట్రీట్ అంటున్నారు కదా, అదే. శుక్రవారం సాయంత్రం పోవడం, ఆదివారం మధ్యాహ్నం రావడం. వెంటనే ఒక పెద్దాయన లేచి, "వారం వారం గుడికి పోతనే ఉన్నం కదా, మళ్ల ఇదెందుకు? గొడ్లను ఎవరు చూస్తరు?" అన్నాడు. ఆయన మాటలో న్యాయం ఉంది. అయినా పోవాలనే నేనంటాను. ఎందుకు పోవాలో, ఎలాంటి దానికి పోకూడదో రెండూ చెప్తాను.

ఆదివారం మనం గుడిలో కూర్చుంటాం, మనసు మోటారు దగ్గర ఉంటుంది. కరెంటు వచ్చిందో లేదో, మడి నిండి గట్టు తెగిందేమో అని. పాట పాడతాం, వాక్యం వింటాం, కానుక వేస్తాం, పరుగున పొలానికి పోతాం. అది తప్పని కాదు, మన బతుకే అట్లాంటిది. కాకపోతే గంటన్నరలో మనసు నిలబడదు. వరదకు వచ్చిన నీళ్లు తేరుకోవాలంటే కొంతసేపు కదపకుండా ఉంచాలి. మనిషీ అంతే.

ఈ పద్ధతి నిన్న మొన్న వచ్చింది కాదు. స్పెయిన్‌లో ఇగ్నేషియస్ లొయోలా అని ఒక సైనికుడు 1521లో యుద్ధంలో ఫిరంగి గుండు తగిలి కాలు విరిగి మంచాన పడ్డాడు. విజయవాడ లొయోలా కాలేజీ ఆయన పేరు మీదదే. మంచం మీద ఆ నెలల్లోనే తన బతుకును మొదటిసారి తీరిగ్గా చూసుకున్నాడు. తర్వాత ఆయన రాసిన ధ్యాన పద్ధతి పూర్తిగా చేస్తే సుమారు ముప్పై రోజులు. మనం అడిగేది రెండు రోజులే.

నా సంగతి చెప్తా. 2021-22లో మిర్చికి నల్ల తామర పురుగు వచ్చిన సంగతి మీకు గుర్తుండే ఉంటుంది. పూతంతా రాలింది. కొట్టని మందు లేదు. ఆ తర్వాత గుడికి పోతూనే ఉన్నా గానీ, ప్రార్థన అంటే నోటికి మాట రాలేదు. దేవుడున్నాడా అనే ప్రశ్న కాదు నాది. ఉన్నాడు గానీ, మా చేను ఆయన లెక్కలో ఉందా అని. ఈ ప్రశ్న గుడిలో అడిగితే "విశ్వాసం తగ్గిందా" అంటారు. ఇంట్లో అడిగితే పిల్లలు భయపడతారు. పోయినేడు ఒక ధ్యాన కూటానికి పోయినప్పుడు అది బయటికి అనగలిగాను. అక్కడ కొంప మునిగినట్టు ఎవరూ చూడలేదు.

అక్కడ చేసింది పెద్దగా ఏమీ లేదు. మొదటి రాత్రి ఫోన్లు తీసి ఒక గంపలో పెట్టారు. తెల్లారే దాకా ఎవరూ మాట్లాడొద్దన్నారు. నా పక్క చాపలో ఉన్న కౌలు రైతు పడుకున్నవాడు పడుకున్నట్టే తెల్లారి ఏడింటి దాకా నిద్రపోయాడు. ఎవరూ లేపలేదు. మధ్యాహ్నం మామిడి చెట్ల కింద ఎవరికి వాళ్లం కూర్చుని, దేనికి కృతజ్ఞత ఉంది, ఏ బరువు మోస్తున్నాం, ఎవరితో మాటలు లేవు అని కాగితం మీద రాసుకున్నాం. ఎవరి కాగితం వాళ్ల దగ్గరే.

వాక్యం ఏలీయా కథ. చిన్నప్పటి నుంచి విన్నదే, కానీ ఆ రోజు రైతుగా విన్నాను. కరువు ఏళ్ల తరబడి నడిచాక ఆయన ప్రార్థన చేస్తే వాన పడింది. ఆ వాన పడ్డాక, రాణి బెదిరిస్తే అరణ్యానికి పారిపోయి ఒక చెట్టు కింద కూలబడి, ఇక చాలు, నా ప్రాణం తీసుకో అని దేవుణ్ణి అడుగుతాడు. అప్పుడు దేవుడు ఆయన్ను తిట్టలేదు, ప్రసంగం చెప్పలేదు. నిద్రపోనిచ్చాడు. దూతతో రొట్టె, నీళ్లు పంపాడు. తిన్నాక మళ్లీ పడుకోనిచ్చి, మళ్లీ తినమన్నాడు. మాట్లాడింది ఆ తర్వాత. గాలిలో, భూకంపంలో, మంటలో కాదు, మెల్లని స్వరంలో. నువ్వు ఒక్కడివి కాదు, ఇంకా ఏడు వేల మంది ఉన్నారని చెప్పాడు. తోడుగా ఎలీషాను ఇచ్చాడు. ఎలీషా ఎవరు? పన్నెండు అరకలు దున్నుతున్న పొలంలో పన్నెండో అరక పట్టుకున్న రైతు.

అప్పుల బాధతో ప్రాణం తీసుకున్న వాళ్ల ఇళ్లు మనందరికీ తెలుసు. పోయే ముందు రోజు దాకా ఆ మనిషి మనతో టీ తాగే ఉంటాడు. మన సంఘాలు అట్లాంటి వాడికి ముందు ప్రసంగం పెడుతున్నాయి. ముందు అన్నం, నిద్ర, పక్కన ఒక మనిషి పెట్టాలి. ధ్యాన కూటం అవసరం ఇక్కడుంది. అయితే ఇది వైద్యానికి బదులు కాదు. మనసు మరీ చీకటిగా ఉంటే డాక్టరు దగ్గరికి పోవాలి, ప్రభుత్వం వాళ్ల టెలీ మానస్ 14416కు ఫోన్ చేయాలి. ప్రార్థన ఒక చేత్తో, మందు ఒక చేత్తో.

నాకు మిగిలిందేంటంటే, మిర్చి ఎందుకు పోయిందో జవాబు దొరకలేదు. ప్రశ్న పట్టుకునే దేవుడి ముందు కూర్చోవచ్చని తెలిసింది. ఇప్పుడు రాత్రి పడుకునే ముందు పది నిమిషాలు నేనూ నా భార్యా ఆ రోజు లెక్క చూసుకుంటాం. డబ్బు లెక్క కాదు, మంచి చెడ్డల లెక్క. ఆదివారం ఆరాధన అయ్యాక నలుగురు రైతులం వేప చెట్టు కింద అరగంట కూర్చుంటాం, ఎవరి అప్పు ఎంతుందో దాచుకోకుండా చెప్పుకుంటాం. విశ్వాసం పెరిగిందంటే నాకు తెలిసిన అర్థం ఇదే.

ఇక పోకూడని కూటాలు. రెండు రోజులూ మైకులు మోగుతూ, ఊపిరి తీసుకునే సందు లేకపోతే అది విశ్రాంతి కాదు. షుగర్, బీపీ మాత్రలు మానేయమంటే అక్కడి నుంచి లేచి రండి. "విత్తన కానుక వెయ్యి, నూరంతలు వస్తుంది" అనే వాళ్లున్నారు. విత్తనం గురించి మనకా చెప్పేది? మంచి విత్తనం, మంచి అదును, మంచి వాన ఉన్నా పంట చేతికొచ్చే దాకా ఎవడూ మాట ఇవ్వలేడు. దేవుడి పేరుతో అట్లాంటి మాట ఇచ్చేవాణ్ణి రైతు నమ్మొద్దు. అప్పు తెచ్చి కానుక వేయొద్దు.

సంఘ పెద్దలకు, పాస్టరు గార్లకు నా మనవి. కూటాలు మన పని చూసి పెట్టండి. మిర్చి ఏరుడు మీద ఉన్నప్పుడు పెడితే ఎవరొస్తారు? మిర్చి అమ్ముడయ్యాక, రోహిణి కార్తెకు ముందు పెట్టండి. కొత్త అప్పు తెచ్చే ముందు, కౌలు ఒప్పుకునే ముందు మనిషికి నిదానంగా ఆలోచించుకునే వేళ అదే. ఖర్చంటారా, 1912లో దోర్నకల్ బిషప్ అయిన అజరయ్య గారి సంఘాల్లో పేద తల్లులు వంటకు ముందు పిడికెడు బియ్యం దేవుడికని పక్కన పెట్టేవాళ్లు. అదే పద్ధతిలో ఏడాది కూడబెడితే నలభై మందికి రెండు రోజుల అన్నం కష్టం కాదు.

చివరిగా ఆ పెద్దాయన అడిగిన గొడ్ల ప్రశ్న. జవాబు ఇరుగుపొరుగే. ఈ వారం మా గేదెలు మీరు పిండండి, వచ్చే వారం మీవి మేం పిండుతాం. ఆడవాళ్లకు విడిగా పెట్టినప్పుడు మగాళ్లు పిండండి. పొద్దున నాలుగింటికి లేచి చాకిరీ మొదలుపెట్టే తల్లికి ఎవరో వండింది కూర్చుని తినే రెండు రోజులు ఎప్పుడొచ్చాయి? ముందు వాళ్లను పంపండి. మన వంతు తర్వాత.