సాయం చేసే చెయ్యి మతం కూడా చెప్పాలా? డుంబ్రిగుడ కొండల్లో తేలాల్సిన ప్రశ్న

డుంబ్రిగుడ: 2025 ఏప్రిల్‌లో ఉప ముఖ్యమంత్రి పవన్ కల్యాణ్ అల్లూరి సీతారామరాజు జిల్లా డుంబ్రిగుడ మండలం పెదపాడుకు వెళ్లారు. చెప్పుల్లేకుండా నడుస్తున్న గిరిజనులను చూశారు. కొద్ది రోజులకే ఊరందరికీ చెప్పులు పంపించారు. రాజకీయ నాయకుడి కానుక కాబట్టి వెనకాల ఓటు లెక్క ఉంటుందని అనేవాళ్లు అనొచ్చు. కానీ ఊళ్లో ఎవరు ఏ దేవుడికి మొక్కుతారన్న లెక్క మాత్రం ఆ పంపకంలో లేదు.

మరి అదే సాయం ఒక మత సంస్థ నుంచి వస్తే? బియ్యం, దుప్పట్లు, మందులు, పిల్లలకు హాస్టల్.. వీటితో పాటు ప్రార్థన కూడా వస్తే? అరకు లోయ నుంచి ఒడిశా సరిహద్దు దాకా ఎప్పటి నుంచో నలుగుతున్న ప్రశ్న ఇది. దీనికి రెండు వైపులా గట్టి వాదనలే ఉన్నాయి.

రెండు వాదనలు.. రెండింట్లోనూ నిజం

మత ప్రచారం చేసేవాళ్లు చెప్పేది సూటిగా ఉంటుంది. తమకు మంచి అనిపించిన దాన్ని ఎదుటివాళ్లకు చెప్పకుండా దాచుకోవడమే తప్పంటారు. ఆకలి తీర్చడం, దేవుడి గురించి చెప్పడం తమకు రెండు వేర్వేరు పనులు కావంటారు. రాజ్యాంగంలోని 25వ అధికరణ మతాన్ని ప్రచారం చేసుకునే హక్కు ఇచ్చిందని గుర్తు చేస్తారు. ఇంకో మాట కూడా ఉంది. గిరిజనుడు మతం మారితే ఎవరో మాయ చేశారనే అనుకోవడం, అతనికి సొంత బుద్ధి లేదని అవమానించడమే కదా?

వ్యతిరేకించేవాళ్లు అడిగేదీ చిన్న ప్రశ్న కాదు. ఆకలితో ఉన్నవాడు చెప్పే 'సరే' నిజంగా సరేనా? జ్వరంతో పడి ఉన్న బిడ్డను ఒళ్లో పెట్టుకున్న తల్లి, మందు ఇచ్చే మనిషితో 'నీ ప్రార్థన వద్దు' అనగలదా? పైగా కొండ ఊళ్లలో దేవుడంటే ఒక ఇంటి వ్యవహారం కాదు. ఇటుకల పండుగ ఊరంతా కలిసి చేసుకునేది. గ్రామదేవత పూజకు ఇంటింటా చందా వేసుకుంటారు. కొన్ని ఇళ్లు పక్కకు తప్పుకుంటే పండుగ దగ్గర, పెళ్లి దగ్గర, చివరికి శవాన్ని సాగనంపే దగ్గర కూడా పేచీ వస్తుంది. సాయం తెచ్చిన సంస్థ రేపు వెళ్లిపోవచ్చు. పేచీ మాత్రం ఊళ్లోనే ఉండిపోతుంది.

ఒంగోలు చెప్పిన పాఠం

ఈ చిక్కు కొత్తది కాదు. 1876-78 నాటి మహా కరువులో ఒంగోలు ప్రాంతం అల్లాడిపోయింది. అప్పుడు అక్కడ పనిచేస్తున్న అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జాన్ ఎవరెట్ క్లౌ, బకింగ్‌హాం కాలువ తవ్వకంలో కొంత భాగాన్ని కాంట్రాక్టుకు తీసుకున్నారు. వేలాది మంది పేదలకు, ముఖ్యంగా మాదిగలకు, కూలి దొరికింది. ఆకలి చావుల నుంచి చాలా కుటుంబాలు బయటపడ్డాయి.

అసలు విషయం ఇక్కడే ఉంది. సాయం నడిచినంత కాలం, దాదాపు 15 నెలల పాటు, ఆయన బాప్తిస్మాలు ఆపేశారు. డబ్బు కోసం వచ్చారో విశ్వాసంతో వచ్చారో తేలదన్నది ఆయన భయం. కరువు సాయం ముగిశాకే మళ్లీ మొదలుపెట్టారు. 1878 జులై 3న గుండ్లకమ్మ ఒడ్డున వెల్లంపల్లి దగ్గర ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు.

దీన్ని రెండు రకాలుగా చదవొచ్చు. సాయం ఆగిపోయాక కూడా వచ్చారు కాబట్టి అది వాళ్ల సొంత నిర్ణయమే అనొచ్చు. అంటరానితనం భరించిన కులానికి ఆ నిర్ణయం వెనక ఆత్మగౌరవం కూడా ఉందనొచ్చు. ప్రాణం నిలిపిన చెయ్యిని ఎవరు మర్చిపోతారని ఎదురు ప్రశ్న కూడా వేయొచ్చు. ఏదేమైనా ఒకటి మాత్రం స్పష్టం. సాయాన్ని, మతాన్ని విడదీయాల్సిన అవసరం ఉందని దాదాపు 150 ఏళ్ల కిందటే ఒక మిషనరీ గుర్తించారు.

చట్టం ఎక్కడ ఆగిపోయింది?

డుంబ్రిగుడకు పక్కనే ఉన్న ఒడిశాలో 1967 నుంచే మతమార్పిడులపై చట్టం ఉంది. బలవంతం, మోసం, ప్రలోభంతో మతం మార్చితే శిక్ష. బాధితులు ఎస్సీలు, ఎస్టీలు, మహిళలు, మైనర్లు అయితే శిక్ష ఎక్కువ. అయితే 'ప్రలోభం' అన్న మాటకు ఇచ్చిన అర్థం మరీ విశాలంగా ఉందని ఒడిశా హైకోర్టు ఆ చట్టాన్ని కొట్టేసింది. 1977లో స్టానిస్లాస్ కేసులో సుప్రీంకోర్టు మళ్లీ నిలబెట్టింది. ప్రచారం చేసే హక్కు ఉంది కానీ, మరొకరిని మార్చే హక్కు ఎవరికీ లేదని తేల్చింది.

ఏపీలో 2007లో వచ్చిన చట్టం తిరుమల వంటి పుణ్యక్షేత్రాల్లో అన్యమత ప్రచారాన్ని నిషేధిస్తుంది. కొండ ఊరిలో దుప్పటి పంచే వ్యవహారానికి ఆ చట్టం వర్తించదు. విదేశీ విరాళాల చట్టం (ఎఫ్‌సీఆర్‌ఏ) మాత్రం ప్రలోభంతో మతమార్పిడి చేసిన కేసుల్లో ఉన్నవారికి రిజిస్ట్రేషన్ ఇవ్వొద్దంటుంది. కానీ గట్టిగా బిగిస్తే దెబ్బ ఎవరికి? కంపాషన్ ఇంటర్నేషనల్ అనే క్రైస్తవ సంస్థకు విదేశీ నిధులపై కేంద్రం ఆంక్షలు పెట్టడంతో, 2017లో అది భారత్ నుంచి వెళ్లిపోయింది. దాదాపు 1.45 లక్షల మంది పిల్లలకు అందే సాయం ఆగిపోయింది. మతప్రచారం ఆరోపణ సంస్థ మీద.. ఖాళీ అయిన కంచం పిల్లలది!

ఒక్క మతానికే కాదు ఈ కొలత

చర్చిలనే అడిగి ఊరుకుంటే న్యాయం కాదు. మిషనరీలకు పోటీగానే 1952లో జష్‌పూర్‌లో వనవాసీ కల్యాణ్ ఆశ్రమం పుట్టింది. గిరిజన ప్రాంతాల్లో స్కూళ్లు, హాస్టళ్లు నడుపుతోంది. టీటీడీ శ్రీవాణి ట్రస్టు నిధులతో ఎస్సీ, ఎస్టీ, మత్స్యకార కాలనీల్లో గుళ్లు కట్టిస్తోంది. గుడి కోరుకున్న ఊరికి గుడి ఇస్తే తప్పు లేదు. కానీ హాస్టల్లో సీటు కావాలంటే భజన చేయాల్సిందే అంటే? అప్పుడు అక్కడా ఇదే ప్రశ్న. నిషాని దేవతకు మొక్కే కుటుంబానికి రెండూ బయటి నుంచి వచ్చినవే.

ఈ పోటీ ముదిరితే ఏమవుతుందో తూర్పు కనుమల్లోనే చూశాం. ఒడిశాలోని కంధమాల్‌లో ఒకవైపు మిషనరీలు, మరోవైపు స్వామి లక్ష్మణానంద సరస్వతి ఆశ్రమ పాఠశాలలు. 2008 ఆగస్టు 23న స్వామిని, మరో నలుగురిని కాల్చి చంపారు. అది తమ పనేనని మావోయిస్టులు ప్రకటించుకున్నా, దాడులు క్రైస్తవుల మీద జరిగాయి. పదుల సంఖ్యలో చనిపోయారు. వేలమంది ఇళ్లు వదిలి అడవుల్లోకి పరుగులు తీశారు. వాళ్లంతా పేదలే.

మరి గీత ఎక్కడ గీయాలి?

రెడ్‌క్రాస్, ఇతర సహాయ సంస్థలు 1994లో రాసుకున్న నియమావళి సాయాన్ని మత ప్రచారానికి వాడకూడదంటుంది. సేవ మతం మార్చే సాధనం కాకూడదని 2005 నాటి లేఖలో పోప్ బెనెడిక్ట్ 16 కూడా రాశారు. అంటే ఈ గీత మత వ్యతిరేకులు గీసింది మాత్రమే కాదు.

నేల మీద దీన్ని తేల్చడానికి మూడు ప్రశ్నలు చాలు. ప్రార్థనకు రాను అన్నవాడికి కూడా అదే బియ్యం, అదే మందు, అదే సీటు దక్కుతుందా? సాయం పంచే చోటు, మతం చెప్పే చోటు వేరువేరుగా ఉన్నాయా? పిల్లల విషయంలో తల్లిదండ్రులకు ముందే అంతా చెప్పారా? మూడింటికీ 'అవును' అయితే, ఆ సంస్థ మిగతా సమయంలో తన దేవుడి గురించి చెప్పుకోవడం దాని హక్కు. వినడం, వినకపోవడం, నచ్చితే మారడం గిరిజనుడి హక్కు. ఎస్టీ హోదాకు మతంతో ముడి లేదు కాబట్టి, మారినా రిజర్వేషన్ పోతుందన్న భయం కూడా ప్రస్తుతం లేదు. ఆ ముడి పెట్టాలన్న డిమాండ్ మాత్రం కొన్ని సంఘాల నుంచి వినిపిస్తోంది.

ఒక్కదానికి 'కాదు' అన్నా అది సేవ కాదు, బేరం.

ఈ ప్రశ్నలు అడిగే బలం ఊరికి ఉండాలి. 1996 నాటి పెసా చట్టం ఆచారాలను, సంప్రదాయాలను కాపాడుకునే అధికారం గ్రామసభకే ఇచ్చింది. అయితే ఆ అధికారం సంస్థను లెక్క అడగడానికే తప్ప, మారిన కుటుంబాన్ని వెలివేయడానికి కాదు.

అన్నిటికంటే పెద్ద బాధ్యత ప్రభుత్వానిది. గర్భిణిని డోలీలో మోసుకెళ్లే ఊరిలో, మందు ఒక్క చోటే దొరికితే అక్కడ చెప్పిందే వినాలి. రోడ్డు పడి, ఆసుపత్రిలో డాక్టర్ ఉండి, ఆశ్రమ పాఠశాలలో టీచర్ ఉంటే.. అప్పుడు ప్రార్థనకు వెళ్లే గిరిజనుడు అవసరం కొద్దీ కాదు, ఇష్టం కొద్దీ వెళ్తాడు. వెళ్లనివాడు కూడా మందు లేకుండా ఉండిపోడు.