మెట్రో నష్టానికి మన జీరో టికెట్టు కారణమా?

ఆడవాళ్లకు బస్సు ఉచితం చేయడం వల్ల హైదరాబాదు మెట్రో దివాలా తీసిందట! 2024 మే నెలలో మెట్రో నడిపే కంపెనీ ఉన్నతాధికారి ఒకరు ఒక ఇంటర్వ్యూలో ఈ ధోరణిలో మాట్లాడారు. అప్పటి నుంచి ఈ మాట పేపర్లలో, టీవీ చర్చల్లో, చివరికి మన ఇళ్లలోని భోజనాల దగ్గర కూడా వినిపిస్తోంది. పదే పదే చెప్పిన మాట నిజంగా చెలామణి అవుతుంది కాబట్టి, దీన్ని ఒకసారి విప్పి చూడటం అవసరం.

2017 నవంబరు 28న ప్రధానమంత్రి మియాపూర్‌లో మెట్రోను ప్రారంభించారు. మర్నాటి నుంచి మియాపూర్, నాగోల్ మధ్య 30 కిలోమీటర్లు, 24 స్టేషన్లతో ప్రజలకు తలుపులు తెరిచారు. మొదటి రోజే రెండు లక్షల మందికి పైగా ఎక్కారు. పిల్లాపాపలతో చూడటానికి వచ్చిన కుటుంబాలే అందులో చాలా. రైలు నడిపే యువతుల ఫోటోలు పత్రికలన్నీ వేశాయి. ప్రధాని మెట్రోను ప్రారంభించిన 28నే అదే నగరంలో అంతర్జాతీయ పారిశ్రామికవేత్తల సదస్సు మొదలైంది. దాని నినాదం ‘మహిళలే ముందు, అందరికీ సౌభాగ్యం’. ఆ సదస్సుకు ముందే నగరంలో భిక్షాటనను నిషేధించి, రోడ్ల మీది బిచ్చగాళ్లను, ఆడవాళ్లతో సహా, జైలు ఆవరణల్లోని ఆశ్రమాలకు తరలించారు. ముందుండే మహిళ ఎవరో, కనబడకూడని మహిళ ఎవరో ఆ ఒక్క వారంలోనే తేలిపోయింది.

పండగ అయ్యాక మిగిలేది రోజువారీ ప్రయాణం. మొదట పెట్టిన టికెట్ ధరలు చూడండి. 2 కిలోమీటర్ల లోపు 10 రూపాయలు, 4 నుంచి 6 కిలోమీటర్లకు 25, 8 నుంచి 10కి 35, 18 నుంచి 22కి 50, 26 దాటితే 60. అంటే 5 కిలోమీటర్లు వెళ్లే మనిషి కిలోమీటరుకు 5 రూపాయలు ఇస్తే, 20 కిలోమీటర్లు వెళ్లే మనిషి రెండున్నర ఇస్తాడు. ఇంటి నుంచి ఆఫీసుకు తిన్నగా వెళ్లి తిన్నగా వచ్చేవారికి ఇది చౌక. మరి పిల్లను బడి దగ్గర దింపి, నాలుగిళ్లలో పని చేసి, కూరగాయలు కొని, అత్తగారికి మందులు తెచ్చే ఆడమనిషి ప్రయాణం ముక్కలు ముక్కలుగా సాగుతుంది. ఆమె 5 కిలోమీటర్ల చొప్పున రెండుసార్లు ఎక్కితే 50 రూపాయలు. అదే 10 కిలోమీటర్లు ఒకేసారి వెళితే 35. ఇంటి చాకిరీ మోస్తున్నందుకు ఆమె మీద పడిన జరిమానా కాక ఇదేమిటి? 2025 మే నెలలో ధరలు పెంచి, ఆందోళన వచ్చాక కొంత తగ్గించి, గరిష్ఠ ధరను 69 రూపాయల దగ్గర ఆపారు. ఈ పద్ధతి మాత్రం మారలేదు.

ఇంకో చిన్న లెక్క. 2023 జూన్ నుంచి స్టేషన్లలో మరుగుదొడ్లకు రుసుము పెట్టారు. మరుగుదొడ్డికి 5 రూపాయలు, యూరినల్‌కు 2. యూరినల్ వాడేది మగవాళ్లు. ఒకే అవసరానికి ఆయనకు రెండు, ఆమెకు ఐదు. ఈ రేట్లు రాసినవారికి స్త్రీల మీద కక్ష ఉందని మేం అనడం లేదు. రాసేటప్పుడు స్త్రీ వాళ్ల కళ్ల ముందు లేదు, అంతే. పితృస్వామ్యం చాలాసార్లు కక్షగా కాదు, ఇలా మరుపుగానే పని చేస్తుంది.

ఇక నష్టాల సంగతి. మహాలక్ష్మి పథకం కింద ఉచిత ప్రయాణం మొదలైంది 2023 డిసెంబరు 9న. మెట్రో కంపెనీ 2020–21లోనూ, 2021–22లోనూ ఏడాదికి 1,700 కోట్లకు పైగా నష్టం చూపించింది. అప్పటికి జీరో టికెట్టు పుట్టనే లేదు! నిర్మాణం ఏళ్ల తరబడి ఆలస్యమైంది, అప్పు మీద వడ్డీ పెరిగింది, కోవిడ్ వచ్చింది, ఎక్కుతారని కాగితం మీద వేసిన జనం రాలేదు. 2020 ఫిబ్రవరిలో జేబీఎస్ నుంచి వచ్చిన లైను ఎంజీబీఎస్ దగ్గరే ఆగిపోయింది. మొదటి ప్రణాళికలోనే ఉన్న పాతబస్తీ ముక్కను వేయలేదు. ఇవన్నీ పక్కనపెట్టి, సిటీ ఆర్డినరీలో నిలబడి వెళ్లే పనిమనిషి మీద నేరం మోపడం ఎంత సులువు! 2025 సెప్టెంబరులో, దాదాపు 13,000 కోట్ల అప్పుతో సహా మెట్రోను తీసుకోవడానికి రాష్ట్ర ప్రభుత్వం అంగీకరించింది. కంపెనీ అప్పు ప్రభుత్వం తలకెత్తుకుంటే అది విధాన నిర్ణయం. ఆమె బస్సు టికెట్టు ప్రభుత్వం కడితే అది ‘ఉచితాల జబ్బు’!

‘పేద మగవాళ్ల సంగతేమిటి?’ అని అడిగేవారున్నారు. న్యాయమైన ప్రశ్నే. పేద మగవాడికి కూడా చౌక ప్రయాణం కావాలని అడుగుదాం. కానీ ఆమె చేతిలోది లాక్కుంటే అతనికి వచ్చేది ఏమీ లేదు. బస్సుల్లో సీట్ల కోసం ఆడవాళ్లు కొట్లాడుకుంటున్నారని నవ్వుకునేవారు ఇంకొందరు. 2019లో 52 రోజుల ఆర్టీసీ సమ్మె తర్వాత సిటీ బస్సులను వందల సంఖ్యలో తగ్గించారన్నది వాళ్లకు గుర్తుండదు. బస్సులు తగ్గించి, జనాన్ని పెంచి, తోపులాటకు ఆడబుద్ధి కారణమనడం పాత విద్యే.

బండి ఎక్కే హక్కు ఎవరిదన్న తగువు కొత్తది కాదు. 1854లో న్యూయార్కులో ఎలిజబెత్ జెన్నింగ్స్ అనే నల్లజాతి ఉపాధ్యాయినిని గుర్రాలు లాగే ట్రాం బండి నుంచి బలవంతంగా దించేశారు. ఆమె కోర్టుకెళ్లి 1855లో గెలిచింది. ఆ రోజు అడ్డు చర్మం రంగు. ఇవాళ మనకు అడ్డు టికెట్టు ధర, స్టేషన్ దాకా ఆటో ఖర్చు, చీకటి పడ్డాక ఆ చివరి కిలోమీటరు.

ఢిల్లీ 2019లో, తమిళనాడు 2021లో, కర్ణాటక 2023లో, ఆంధ్రప్రదేశ్ 2025 ఆగస్టులో స్త్రీలకు బస్సు ఉచితం చేశాయి. ఢిల్లీలో మెట్రోకు కూడా ఇదే ప్రతిపాదన వస్తే, అంతటి పెద్ద ఇంజనీరు శ్రీధరన్ వద్దని ప్రధానికి లేఖ రాశారు. అది అక్కడే ఆగింది.

మెట్రో ప్రజల చేతికి వస్తోందంటున్నారు. అయితే ప్రజలంటే ఎవరో ఇప్పుడే తేల్చుకోవాలి. బస్సుకీ మెట్రోకీ ఒకే పాస్ కావాలి. రెండు గంటల్లో ఎన్నిసార్లు ఎక్కి దిగినా ఒకే టికెట్టు ఉండాలి. మరుగుదొడ్లకు పైసా వసూలు చేయకూడదు. తీసేసిన బస్సులు తిరిగి రావాలి. ధరలు నిర్ణయించే కమిటీలో ఇళ్లలో పనిచేసే కార్మికులూ, గార్మెంట్ ఫ్యాక్టరీల స్త్రీలూ కూర్చోవాలి. సంఘాలన్నీ ఈ డిమాండ్లను బస్తీ సమావేశాల్లో చర్చకు పెట్టాలని కోరుతున్నాం. జీరో టికెట్టు ఎవరో పెట్టిన భిక్ష కాదు, ఈ నగరం మనకు బాకీపడిన దానిలో మొదటి వాయిదా మాత్రమే.