పెన్‌డ్రైవు కొనబోతున్నారా?

మన విద్యార్థులు పెన్‌డ్రైవు కొనేటప్పుడు "ఎన్ని జీబీ? ఎంతకిస్తావ్?" అని రెండే అడుగుతారు. అసలు అడగవలసింది రాసే వేగమెంత అని. అట్టమీద పెద్దక్షరాల్లో వేసేది చాలావరకు చదివే వేగమే. యూఎస్‌బీ 3.0 అంటే సెకనుకు 5 గిగాబిట్లు పట్టే రోడ్డు. దానిమీద బండి కూడా అంత వేగంగా పోతుందని ఎవరూ పూచీ పడలేదు. చవకరకం కాసేపు పరుగెత్తి, ఆనక సెకనుకు 10 మెగాబైట్లకు చతికిలబడ్డా ఆశ్చర్యం లేదు. ఆ లెక్కన 20 జీబీ ప్రాజెక్టు వీడియో ఎక్కడానికి అరగంట పైమాటే!

4 జీబీ మించిన ఫైలు ఎక్కనంటే షాపువాణ్ణి తిట్టకండి. అది ఫ్యాట్32 హద్దు, ఎక్స్‌ఫ్యాట్‌కు మారిస్తే సరి. (లోపలున్నవి ముందే వేరేచోట దాచుకోండి, అన్నీ చెరిగిపోతాయి.)

మన్నిక సంగతి వేరు. లోహపు ఒళ్లు దెబ్బలకు ఆగుతుందేమోగాని, లోపలి ఫ్లాష్ కణాలు చెరిపి రాసిన ప్రతిసారీ అరుగుతూనే ఉంటాయి. గ్యారంటీ కింద కొత్త డ్రైవు ఇస్తారు, పోయిన థీసిస్ ఇవ్వరు. రోజూ పెద్ద ఫైళ్లు మోసేవారికి ఎస్‌ఎస్‌డీయే మేలని నా అభిప్రాయం.

128 జీబీ అని చెప్పి ఎనిమిదే ఉన్న దొంగసరుకూ బజారులో ఉంది. నిండా నింపి తిరిగి చదివిస్తేగాని బయటపడదు. ఎఫ్3 అనే ఉచిత ప్రోగ్రాము ఆ పని చేస్తుంది. యూనియన్‌వారు దాన్ని మన ల్యాబులో ఒక కంప్యూటర్‌మీద పెట్టిస్తే, డ్రైవు కొన్న రోజే ఎవరైనా వచ్చి పరీక్షించుకోవచ్చు.